బాలరట్‌లో మా ఆయన అరిచిన రోజు

మెల్‌బోర్న్ దాటి బాలరట్ వెళ్తున్నామంటే అందరూ బంగారు గనులు చూడటానికేనా అని అడిగారు. కాదు. మా అమ్మాయి సహస్ర ఆడే ఫుటీ మ్యాచ్ చూడటానికి. క్లేటన్‌లో యూనివర్సిటీకి వెళ్తోంది, అక్కడి అమ్మాయిల జట్టులో రెండేళ్లుగా ఆడుతోంది. ఆ రెండేళ్లలో మా ఆయన రమణ మొదటి మ్యాచ్ తప్ప ఇంకొక్కటీ చూడలేదు, ఎందుకంటే అది చూడనివ్వలేదు. మొదటి మ్యాచ్‌లో ఆయన కంచె బయట నిలబడి గొంతు చించుకుని అరిస్తే, తోటి పిల్లలు వారం రోజులు "ఎడం పక్క, ఎడం పక్క" అని దాన్ని ఆటపట్టించారట. ఆ రోజు నుంచి ఆయన దాన్ని మైదానం దగ్గర దింపి, రోడ్డు మీద కారులోనే కూర్చుని, లోపల ఆట ముగిసిన సైరన్ మోగితే ఎవరు గెలిచి ఉంటారా అని ఇంట్లో ఉన్న నన్ను ఫోన్లో అడిగేవారు. పోయిన నెల ఎందుకో అమ్మాయి మెత్తబడింది. "డాడ్, బాలరట్‌లో ఫ్రెండ్లీ మ్యాచ్ ఉంది. యూ కెన్ కమ్. బట్ నో షౌటింగ్. అరిస్తే దట్స్ ఇట్, ఇంకెప్పుడూ వద్దు" అంది. ఆయన దేవుడి పటం ముందు ఒట్టు పెట్టినంత పని చేశారు.

అమ్మాయి ముందురోజే జట్టు బస్సులో వెళ్లిపోయింది. మేము శనివారం ఉదయం ఏడింటికి మా ఊరు క్రాన్‌బర్న్‌లో బయల్దేరాం. మొనాష్ ఫ్రీవే మీదుగా వెస్ట్‌గేట్ వంతెన దాటి వెస్టర్న్ ఫ్రీవే ఎక్కితే, శనివారం పొద్దున కాబట్టి రెండు గంటలకు కాస్త పైన పడుతుంది. దారిలో బాకస్ మార్ష్ దగ్గర ఆగి కాఫీ తాగాం. కప్పు ఐదున్నర డాలర్లు, వేడిగా ఉంది, అంతకంటే చెప్పుకోడానికేం లేదు. జులై చలి గురించి మాత్రం నా మాట వినండి. మెల్‌బోర్న్‌లో సరిపోయే స్వెట్టర్ బాలరట్‌లో పనికిరాదు. కారు దిగగానే గాలి చెవుల్లోంచి లోపలికి దూరింది. నేను మళ్లీ కారెక్కి రెండు డబ్బాల పులిహోర ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఒకదాని మూత తీసి చేతులు వెచ్చబెట్టుకున్నారు మా ఆయన.

అక్కడి మైదానాల్లో ఒక పద్ధతి నాకు భలే నచ్చింది. కార్లన్నీ మైదానం చుట్టూ కంచెకు ముక్కు ఆనించి నిలబెడతారు. చలికి కారులోనే కూర్చుని చూడొచ్చు. గోల్ పడితే చప్పట్ల బదులు అందరూ హారన్లు కొడతారు. అది తెలియగానే మా ఆయన మొహం వెలిగింది. "హారన్ కొట్టొచ్చుగా? అది అరవటం కాదుగా?" అన్నారు. పాపం అనిపించింది.

పదకొండింటికి ఆట మొదలైంది. ఫుటీ తెలియనివాళ్లకి రెండు ముక్కలు: కోడిగుడ్డు ఆకారం బంతిని కాలితో తన్నొచ్చు, లేదా పిడికిలితో కొట్టి పక్కవాళ్లకి అందించొచ్చు. నడిమి రెండు స్తంభాల మధ్యకి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. ఆట నాలుగు భాగాలు, ఒక్కోదాన్ని క్వార్టర్ అంటారు. మా కారు కిటికీ పక్కనే గ్రాహం అని డెబ్బై దాటిన పెద్దాయన మడత కుర్చీ వేసుకున్నారు. మా జట్టులో పొడుగమ్మాయి ఒకామె ఉంది, ఆమెకు తాతగారు. మాటలు కలిశాయో లేదో ఇద్దరికీ వాదం మొదలైంది. బంతిని ఎత్తుగా, దూరంగా మా మనవరాలి మీదకి తన్నాలి, ఆమె గాల్లో పట్టుకుంటుంది, దాడి అంటే అదే అని ఆయన. మా ఆయన ఒంగోలులో కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడిన మనిషి. అందర్నీ ఒక పక్కకి లాగి ఖాళీ అయిన రెండో పక్కకి పరిగెత్తాలి, బంతి చేతులు మారుతూ పోవాలి, ఈ గాలిలో ఎత్తుగా తన్నితే బంతి మన ఇంటికే వస్తుంది అని ఈయన. సాస్ పోసిన మీట్ పై, అదే మాంసం కూరిన పేస్ట్రీ, తింటూ గ్రాహం, పులిహోర తింటూ ఈయన, ఎవరూ తగ్గలేదు. మధ్యలో గ్రాహం కూడా ఒక చెంచా పులిహోర తిని, ఘాటుకి కళ్లు తుడుచుకుని మళ్లీ వాదించారు.

రెండో క్వార్టర్ వరకూ మా ఆయన అరవకుండా నోరు కట్టేసుకున్నారు. అప్పుడు సహస్ర ముందు ఎడం వైపంతా ఖాళీగా కనిపించింది. ఇక ఆగలేక, ఇంట్లో దాన్ని పిలిచే పేరుతోనే అరిచారు. "చిట్టీ! ఎడం పక్క ఖాళీ! ఎడం పక్కకి పరిగెత్తు!"

నేను తొడ మీద గిల్లాను. "తెలుగులోనేగా అన్నది? బాలరట్‌లో ఎవరికి తెలుస్తుంది? పైగా దానికి పనికొచ్చే మాట" అన్నారు.

తెలిసింది. మా అమ్మాయి కదిలేలోపే అవతలి జట్టు నల్లజడ పిల్ల ఒకతె, చొక్కా మీద పద్నాలుగో నంబరు, ఎడం పక్కకి దూకి బంతి లాక్కుంది. కాసేపటికి "కుడి పక్క!" అన్నారు. ఆ పిల్ల కుడి పక్కన ప్రత్యక్షం. సహస్ర మా వైపు తిరిగి చూసిన చూపు నేను మర్చిపోలేను. ఈయన కారు సీట్లో చిన్నవాడైపోయారు. "అయిపోయింది. ఇంక రానివ్వదు" అన్నారు.

మూడో క్వార్టర్ అయ్యాక చూసేవాళ్లు కూడా మైదానంలోకి నడిచి వెళ్లి కోచ్ మాటలు వినొచ్చు, అది ఇక్కడి ఆనవాయితీ. పదిహేను పాయింట్లు వెనకబడి ఉన్నాం. మా ఆయన రానన్నారు. నేనే చెయ్యి పట్టి లాక్కెళ్లాను. జట్టంతా గుండ్రంగా నిలబడి ఉంది. సహస్ర కోచ్ చెవిలో ఏదో చెప్పి, గుంపులోంచి బయటికి వచ్చింది. ఈయన తల దించుకున్నారు.

"డాడ్, నంబర్ ఫోర్టీన్‌కి తెలుగు వచ్చు. ఐ ఆస్క్‌డ్ హర్."

"సారీ రా చిట్టీ. ఇక నోరెత్తను."

"నో నో. నువ్వు అరవాలి. రాంగ్ సైడ్ చెప్పు. నువ్వు ఎడం అంటే నేను కుడి వెళ్తా." అని చెయ్యి పట్టుకుని గుంపు మధ్యలోకి తీసుకెళ్లి, అందరికీ ఇంగ్లీషులో చెప్పింది, మా నాన్న, ఈయన గొంతు చాలా పెద్దది అని. నాకు ఏడుపొచ్చింది. చలి వల్ల అని గ్రాహంతో చెప్పాను.

చివరి క్వార్టర్‌లో గాలి మాకు ఎదురు. ఎత్తు బంతులు నిజంగానే వెనక్కొచ్చాయి. మా ఆయన కంచె మీద చేతులేసి రెండేళ్ల అరుపులన్నీ ఒకేసారి అరిచారు. "చిట్టీ! ఎడం పక్క!" పద్నాలుగో నంబరు ఎడమకి, సహస్ర కుడికి. గోల్. రెండోసారీ అంతే. మూడోసారి ఆ పిల్ల ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, మళ్లీ ఎడమకే పరిగెత్తింది. మూడో గోల్. మూడు పాయింట్లతో గెలిచాం. గ్రాహం మా కారు తలుపు తీసి హారన్ కొట్టారు, వాదంలో ఆ రోజుకి ఓటమి ఒప్పుకోవడం అన్నమాట.

సైరన్ మోగాక ఆ పిల్లే బురద కాళ్లతో మా దగ్గరికి వచ్చింది. పేరు మౌనిక, కరీంనగర్ దగ్గర ఊరు, బాలరట్ ఆసుపత్రిలో నర్సు. "మంచిగ మోసం జేసిన్రు అంకుల్" అని నవ్వింది.

"మూడోసారికైనా తెలియలేదామ్మా?" అన్నారు ఈయన.

"తెలిసింది అంకుల్. అబద్ధమని సమజైంది. గని మా ఇంట్ల సుత నన్ను చిట్టీ అనే పిలుస్తరు. ఈడికొచ్చి ఎనిమిది నెలలాయె, ఆ మాట ఎవ్వలూ అనలే. చెవుల పడంగనే కాళ్లు ఆగలే."

నేను రెండో డబ్బా మూత తీశాను. కంచె అవతల సహస్ర, మౌనిక పక్కపక్కనే నిలబడి బురద చేతులతోనే తిన్నారు. డబ్బా ఖాళీ చేసి మౌనిక మూత పెట్టి ఇస్తుంటే, "ఉంచుకో చిట్టీ" అన్నారు మా ఆయన. రెండు తలలూ ఆయన వైపు తిరిగాయి.

తిరుగు ప్రయాణంలో సహస్ర మాతోనే కారెక్కింది. మెల్టన్ దాటాక వెనక సీట్లోంచి, "డాడ్, నెక్స్ట్ సాటర్డే క్లేటన్‌లో హోమ్ గేమ్. టెన్ ఓ క్లాక్" అని కళ్లు మూసుకుంది. దాడి ఎలా చెయ్యాలన్న వాదం గ్రాహంతో ఇంకా తేలలేదు, ఫోన్లో నడుస్తూనే ఉంది. నాకు మాత్రం ఆ రోజు ఒకటి తేలింది. ఇన్నాళ్లూ మా ఆయన గొంతు తగ్గించుకుంటే బాగుండునని నేనూ అనుకున్నాను. అది ఇంకెవరికో కూడా చేరాల్సిన గొంతని నాకు తోచలేదు. సిగ్గుపడ్డాను, సంతోషించాను కూడా.

వెళ్లేవాళ్లకి ఒక సూచన. ఆటకి గంట ముందే చేరండి, కంచె దగ్గర కారుకి చోటు దొరుకుతుంది. పులిహోర మాత్రం రెండు డబ్బాలు కట్టుకోండి, ఒకటి అవతలి జట్టుకి.