నలభయ్యో చాట్

12-7-2007, గురువారం. మద్దిలపాలెం ఆఫీసు. హాజరు: నేను, నా బావమరిదీ ఆఫీసు యజమానీ అయిన సూరిబాబు, కంప్యూటర్లు చూసే సింహాచలం, చాట్‌లో జవాబులిచ్చే మేరీ. మిగతా ఇద్దరు తగరపువలసలో పెళ్ళికి వెళ్ళారు.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు ఓడకెక్కే బస్తాల లెక్క రాశాను. కంటితో చూడని బస్తాను ఏనాడూ పుస్తకంలోకి ఎక్కించలేదు.

రిటైరయ్యాక సూరిబాబు పిలిచాడు. వాళ్ళది ఒక ప్రింటర్ల కంపెనీ కస్టమర్లకు చాట్‌లో సాయం చేసే ఆఫీసు. ఎవరెన్ని చాట్‌లు చూశారో ఆ లెక్కను సింహాచలం ప్రోగ్రాం రోజూ సాయంత్రం అయిదింటికి డేటాబేస్‌లోకి లాగి, డ్యాష్‌బోర్డు మీద రంగు గీతలుగా చూపేది. నేను డైరీలో నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత పద్ధతిలో లెక్కపెట్టి దాన్ని సరిచూడాలి.

వారంపాటు రోజుకు నలభై చాట్‌లు చూస్తే మేరీ ఉద్యోగం ఖాయం. ఒక్కటి తగ్గినా ఇంటికే. కంచరపాలెంలో ముగ్గురు ఆ జీతం మీదే బతుకుతున్నారు. ఆ గురువారం ఆఖరి రోజు. పొద్దున్నే ఎవరో ముసలామె ప్రింటరు బాగుపడేదాకా మేరీ గంటన్నర వదల్లేదు. నాలుగుంపావుకి నా లెక్క ముప్పై తొమ్మిది. తర్వాత ఒక్కరూ రాలేదు.

"బోర్డులో ఏటుంటే కంపెనీవోళ్ళు అదే సూత్తారు బావా. నానేటి సెయ్యగల్ను?" అన్నాడు సూరిబాబు, మొహం అటు తిప్పుకుని.

టీ తాగొస్తానని చెప్పి కింది అంతస్తులో ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళాను. జీవితంలో మొదటిసారి, కస్టమరులా నటించి, దొంగలెక్క రాయబోతున్నాను. ఏదైనా ముందు చిత్తు రాసుకోవడం నా అలవాటు. డైరీ తీసి, పోర్టు అలవాటు ప్రకారం ఇంగ్లీషులో, తారీకు వేశాను. హాజరు: నేనొక్కడినే. ప్రింటరులో కాగితం నలిగింది అని రాసి, కొట్టేసి, ఇరుక్కుంది అని దిద్దాను. దిద్దిన చోట నా పేరు పొడి అక్షరాలు పెట్టాను. నాకసలు ప్రింటరే లేదు.

డైరీ జేబులో పెట్టుకుని, చాట్ తెరిచి, ఒక్క వేలితో తారీకు టైపు చేస్తూ నెల అంకె ఏడు దగ్గరికొచ్చేసరికి కరెంటు పోయింది. సమయం 4:41. సెంటర్ రిజిస్టరులో నా పేరు పక్కన 'కరెంటు లేదు' అని కూడా రాశారు. కాసేపు చూసి, కాళ్ళీడ్చుకుంటూ మెట్లెక్కాను.

పైన నవ్వులు వినిపిస్తున్నాయి. బ్యాటరీ మీద నడుస్తున్న బోర్డులో, అయిదింటికి మేరీ గీత నలభై దగ్గర ఆగింది. నలభయ్యో చాట్ 4:46కి వచ్చిందట.

"ఎవలో పెద్దాయన బాబాయ్," అంది మేరీ కళ్ళు తుడుచుకుంటూ. "ముందు తారీకేసి, ఎవలున్నారో కూడా రాసినారు."

నేను జేబులోని డైరీ తడిమి చూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సింహాచలం చేత ఆ చాట్ తెరిపించి, డైరీ పక్కన పెట్టుకుని చదివాను. తారీకు, హాజరు, కొట్టేసిన మాట, నా పొడి అక్షరాలు, అన్నీ వరసగా ఉన్నాయి. నా లెక్క ముప్పై తొమ్మిది, బోర్డు లెక్క నలభై. ఆ ఒక్కటి తేడా నాకు ఇప్పటికీ తేలలేదు.

డైరీలో అదే పేజీ అడుగున, చిత్తు కింద, మా ఆవిడ చెప్పిన పని ఒకటి గురువారం పొద్దున్నే రాసి ఉంచాను: 'రెండు పాల ప్యాకెట్లు'. చాట్‌లో ఆఖరి వాక్యం అదే. దానికి మేరీ ఎంతో మర్యాదగా జవాబిచ్చింది: "కాగితం సంగతి మేం చూస్తాం సార్. పాలు మాత్రం మీరే తెచ్చుకోవాలి."

గురువారం సాయంత్రం నేను పాలు తేవడం మరిచిపోయాను.