ఉత్తరానికి పెట్టిన బొట్టు

నా చేతిరాత చూసి ఏడో తరగతిలో మా అయ్యవారు, "ఇది కోడి గీకిందా, నువ్వు రాసినావా?" అని అడిగారు. కోడే అని చెప్పి ఆ ఏడే బడి మానేశాను. అలాంటివాణ్ణి ఇప్పుడు తిరుపతి బేరివీధిలో చిన్న గది తీసుకుని, చరిత్రలో పేరున్నవాళ్ల చేతిరాత ఉత్తరాలు సేకరించి, బాగుచేసి, వాటి మీద మోజున్నవాళ్లకు చేరవేస్తూ బతుకుతున్నాను.

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం, ఆయుధపూజకు రెండు రోజుల ముందు సరోజమ్మ మా అంగడికి వచ్చింది. కార్వేటినగరం పక్క పల్లె, డెబ్బై దాటిన రైతు మనిషి. వాళ్ల నాయన మునెయ్య స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్లొచ్చినప్పుడు, ఒక పెద్ద నాయకుడు ఆయనకు తన చేత్తో తెలుగులో రాసిన ఒక పేజీ ఉత్తరం తెచ్చింది. ఆ నాయకుడి పేరు బయటపెట్టనని మాటిచ్చాను, కాబట్టి ఇక్కడ చెప్పను.

"అమ్మేదానికి తేలేదప్పా. పురుగు కొడతా ఉండాది. అది ఆగేట్టు చేసి ఇయ్యి."

"మా ఇంట్లో మనిషి మాదిరి సూసుకుంటాను మా."

"నీ ఇంట్లో మనుషుల్ని ఎట్ల సూసుకుంటావో నేనేమన్నా సూసినానా?" అంది.

ఏళ్ల తరబడి మడతల్లో ఉన్న కాగితాన్ని ఒక్కసారిగా విప్పి నొక్కితే విరుగుతుంది. కొంచెం తేమ తగలనిచ్చి, బ్లాటింగ్ కాగితాల మధ్య పరిచి, మడతలు వాటంతటవే వదిలేదాకా ఆగాలి. దీన్ని రిలాక్సింగ్ అంటాం. తర్వాత మైలార్ అనే గాజులాంటి పల్చటి తొడుగులో పెడతాం. ఆయుధపూజ పొద్దున మడతలు ఎంతవరకు వదిలాయో చూసి, పై బ్లాటింగ్ కాగితం మళ్లీ కప్పకుండానే షట్టరుకు మామిడాకులు కట్టడానికి బయటికి వెళ్లాను.

లోపల మా ఆవిడ కుమారి గంధం, కుంకుమ కలిపిన గిన్నెలు పట్టుకుని పనిముట్లకు బొట్లు పెడుతోంది. "ఒక్కటి గూడా వదలొద్దు మే, వదిల్తే అలుగుతాయి," అని బయటినుంచి వేళాకోళం చేశాను. ఆమె కత్తెరకు పెట్టింది, భూతద్దానికి పెట్టింది. ఉత్తరానికీ పెట్టింది, కొత్త పుస్తకానికి పెట్టినట్టు సరిగ్గా పైవరుస నడిమధ్యన.

నేను లోపలికి వచ్చేసరికి ఆ తడికి పాత సిరా కరిగి, ఎరుపులో నీలం పాకుతోంది.

"ఏం పని చేసినావు?"

"అంత పెద్దాయన రాసింది గదా. నీ కత్తెరకు పెట్టి దానికి పెట్టకుంటే ఎట్ల? ఒక్కటి గూడా వదలొద్దని నువ్వే గదా అంటివి?"

చెన్నైలో పాత కాగితాలకు వైద్యం చేసే స్నేహితుడు సెల్వానికి ఫోను చేశాను. "తుడవద్దు, నీళ్లు చూపించొద్దు. ముందు తీసిన ఫొటోలు పంపు," అన్నాడు. ఏ ఉత్తరం వచ్చినా ముట్టుకోకముందే ఫొటోలు తీయడం మా వృత్తిలో మొదటి నియమం. నేనూ తీశాను, ఐదు. ఐదూ సంతకానివే. నకిలీ బయటపడేది అక్కడే కాబట్టి మా కళ్లు ముందు అక్కడికే పోతాయి. పైవరుస ఒక్క ఫొటోలోనూ లేదు.

సెల్వం రావడానికి రెండు రోజులు పట్టింది. ఫోను మోగితే ఉలికిపడ్డాను. రెండోనాడు సరోజమ్మే చేసింది.

"మా నాయన ఎట్లుండాడప్పా?"

"బాగుండాడు మా," అన్నాను.

సెల్వం ఎండిన గంధాన్ని మెత్తటి బ్రష్షుతో దులిపాడు. కుంకుమ మరక మిగిలింది. "దీన్ని తీస్తే సిరా కూడా వచ్చేస్తుంది. ఇంతటితో ఆపుదాం," అన్నాడు. 'ప్రియమైన' అన్న మాట బాగానే ఉంది. దాని పక్కన మునెయ్య పేరులో చివరి అక్షరం తప్ప ఏమీ మిగల్లేదు.

బస్సెక్కి కార్వేటినగరం వెళ్తూ దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. ఎప్పుడూ నోట్లో ఆడే హాస్యం ఆ పూట ఒక్కటీ రాలేదు. సరోజమ్మ ఇంటి ముందు కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది. తొడుగులో పెట్టిన ఉత్తరం ఆమె చేతికిచ్చాను.

"పైన కుంకుమ పడింది మా. తప్పు నాదే, మా ఆవిడది గాదు."

ఆమెకు చదువు రాదు. అయినా వేలు నేరుగా పైవరుస మీదికి వెళ్లి, ఎర్రటి మరక దగ్గర ఆగింది. అక్కడే అటూ ఇటూ తడుముతూ ఉండిపోయింది. నేనే మళ్లీ నోరు తెరిచాను.

"సంతకానికేం కాలేదు మా. దీని ఇలువంతా దాంట్లోనే ఉండేది."

ఇప్పుడు ఏ ఉత్తరం చేతికొచ్చినా, ఎవరు రాశారో చూడకముందే ఎవరికి రాశారో ఆ వరుసను ఫొటో తీసుకుంటున్నాను. అందుకు ఆమె ఇచ్చిన జవాబే కారణం. తల ఎత్తకుండానే అంది:

"సంతకం పెట్టినాయనకు ఊరూరా బొమ్మ ఉండాదప్పా. మా నాయన పేరు రాసిండింది ఈడొక్క సోటే."