రత్నం పడిపోలేదు

ముందే చెబుతున్నాను, నేను కోతలు కోసేవాణ్ణి. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్సులో బల్లి కనిపిస్తే, నా నోటి దాకా వచ్చేసరికి అది మొసలై సుబర్ణరేఖ నదిని ఈదుతుంది. ఇన్నేళ్లుగా మోస్తున్న ఈ బరువును కూడా బొగ్గు వ్యాగనంత అని రాయబోయాను. కాదు. చిన్న అబద్ధమంత. అయినా దించలేకపోయాను.

రత్నం మా చిన్నాన్న కూతురు. తల్లి లేదు. అయిదేళ్లు వచ్చేదాకా ఊళ్లోనే భుయ్యాడీహ్ బస్తీలో వాళ్ల అమ్మమ్మ ఒళ్లో పెరిగింది; ఆ తర్వాత చిన్నాన్న తన దగ్గరికి తెచ్చుకున్నాడు. నాకలాంటి ఒడి లేదు. నాన్న గూడ్సు బండ్ల వెంట, అమ్మ జబ్బుతో మంచం మీద. నన్నెత్తుకున్నవాడు చిన్నాన్న ఒక్కడే. ఆయన భుజాలెక్కితే నాకు కలకత్తా కనిపించేది.

ఒక సాయంత్రం ఆయన బెల్టు తీసి రత్నాన్ని కొట్టాడు. తలుపు సందులోంచి చూశాను.

మర్నాడు అమ్మమ్మ పిల్లను తీసుకుపోతానని వచ్చింది. కొట్టిన మాట నిజమైతేనే పంపుతామన్నారు పెద్దలు. చూసినవాణ్ణి నేనే.

"ఏటి సూసినావో సెప్పు బాబూ," అంది అమ్మమ్మ.

"మెట్ల మీద జారి పడిపోనాది."

"బల్లిని మొసలి సేసీ నోరు, ఇయాల ఇంతేనేటిరా?"

"నాను పడ్లేదు," అంది రత్నం. "నాన్న కొట్టినాడు. సచ్ బోల్ నా, అన్నా, నిజం సెప్పు."

పెద్దలు నా మాటే పట్టుకున్నారు. రత్నం మరో రెండేళ్లు ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

పోనుపోను నాకు నిజంగానే ఆమె మెట్ల మీద జారినట్టు గుర్తుండసాగింది. మరిచానా? చిన్నాన్న దూరమైతే నన్నెవరు ఎత్తుకుంటారన్న భయమే నా జ్ఞాపకాన్ని దిద్దేసిందా? రత్నానికి మాత్రం బెల్టు తగిలించే మేకుతో సహా అన్నీ గుర్తే. చెబితే దగ్గరికి తీసుకునే ఒడి ఒకటుందని ఆమెకు తెలుసు.

ఇప్పుడు రత్నం కోర్టులో సాక్ష్యం చెప్పే పిల్లల పక్కన కూర్చుంటుంది. తొందరపెట్టదు, మాట అందించదు. బిడ్డ నోరు విప్పేదాకా చేయి పట్టుకుంటుంది. ఇంత ఉక్కు పోసే ఈ ఊళ్లో అంత గట్టి మనిషిని నేను చూడలేదు. ఇది కోత కాదు.

క్షమించమని ఆమెను అడగలేదు. రాశాక నా ఛాతీ కాస్త తేలికైంది. ఆమెది ఎప్పటికైనా అవుతుందో లేదో తెలియదు.

కలకత్తా సంగతి వదిలేయండి. పైన నేను నిజంగా కల్పించింది తలుపు సందు. ఆ తలుపు బార్లా తెరిచే ఉంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. రత్నం నా వైపే చూస్తోంది.