అదిగో అక్క చూపించని సముద్రం

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున పైనుంచి సముద్రం కనిపిస్తుందని టవరు కింద, టికెట్ల కిటికీ పక్కన బోర్డు పెట్టారు. అది అబద్ధం కాదు. కాకపోతే ఈ ఊరి ఆకాశం నిర్మలంగా ఉండటం మానేసి చాలా కాలమైంది. పొగా దుమ్మూ కలిసి దిక్కులన్నిటికీ బూజు పట్టించాయి.

పైన అద్దాల గదిలో నిలబడి జనానికి ఊరు చూపించడం ఆమె ఉద్యోగం. తోటివాళ్లు పెట్టిన పేరు అదిగో అక్క. "అదిగో, ఆ పొగగొట్టాల వెనక తెల్లటి గీత" అని వేలు చాపితే చాలు, కళ్లు చికిలించి "అవునవును" అనేవారు. కొందరికి పడవలు కూడా కనిపించేవి! ఆ గీత గోదాముల రేకుల కప్పని ఆమెకు తెలుసు. డబ్బిచ్చి పైకెక్కినవాళ్లను ఉత్త చేతులతో దింపకూడదని మేనేజరు సిద్ధాంతం. ఆమె దానితో పేచీ పెట్టుకోలేదు. ఎవరికి నష్టం గనక?

ఒక సెలవు రోజు మధ్యాహ్నం లిఫ్టులోంచి ఆమె తల్లి దిగింది. ముందు మాట మాత్రం చెప్పలేదు. కొడుకు పడవతో సహా సముద్రంలో కలిసిపోయాక, శవమైనా దొరక్క, ఆవిడ తీరం వదిలి కూతురి దగ్గరికి వచ్చేసింది. మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. వేలు చూపించడమే తప్ప కూతురూ వెళ్లలేదు. దూరం నుంచైనా ఒకసారి చూస్తే మనసు కుదుటపడుతుందని పక్కింటావిడ నూరిపోసిందట. ఓదార్చేవాళ్లదేం పోయింది?

"ఏమే, ఎటు చూడాలి?"

కూతురు చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఊరందరికీ చూపిస్తావటగా. కన్నతల్లి అడిగేసరికి వేలు నొప్పి పుట్టిందా?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు చొరవగా ముందుకొచ్చాడు. "ఇటు రండి పెద్దమ్మా. ఆ తెల్లగీతే."

తల్లి అద్దానికి నుదురు ఆనించింది. "చిన్నోడా," అంది, పక్కనున్న కూతురికి మాత్రమే వినపడేంత మెల్లగా. "అమ్మనురా. కాళ్ల నొప్పులు. రాలేకపోయాను..."

కూతురు అంతవరకే ఓర్చుకోగలిగింది.

"అమ్మా, ఆగు. అది సముద్రం కాదు. గోదాముల రేకులు."

"మరి మాకు చూపించిందేంటమ్మా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన. మేనేజరు పళ్లు నూరాడు.

తల్లి వెనక్కి తిరిగింది. "మరి సముద్రమేదీ?"

"ఇక్కణ్నుంచి కనపడదు. నేనూ ఒక్కసారీ చూళ్లేదు."

"రేకులతో మాట్లాడించావు కదే నన్ను!" అంది తల్లి. నుదురు ఆనిన చోట అద్దాన్ని కొంగుతో తుడిచింది. తర్వాత, "అక్కడికి బస్సుందా?" అని అడిగింది.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, వాడి దగ్గరికి."

"డ్యూటీ మధ్యలో వెళ్తే రేపు రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

"సరేనండీ," అందామె.

లిఫ్టు తలుపులు మూసుకోగానే తల్లి ఆమె మణికట్టు పట్టుకుంది. బస్సెక్కి, బస్సు దిగి, తడి ఇసుకలో కాలు పెట్టేదాకా ఆ పట్టు సడలలేదు.