జైసల్మేరులో విన్న నెల్లూరు మాట

దెయ్యాలంటే నాకు భయం లేదు, అసహ్యం. వాటి గురించి చెప్పేవాళ్ళంటే ఇంకా అసహ్యం. కావలిలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాడిని. మా చర్చిలో దెయ్యాలు వెళ్ళగొట్టే ప్రార్థన పెడితే లేచి బయటకు వచ్చేసేవాడిని. అలాంటి నేను ఇది రాయాల్సి రావడమే చిరాకు.

రెండేళ్ళ క్రితం డిసెంబరులో మా సుజాతక్కతో జైసల్మేరు వెళ్ళాను. అక్క బిట్రగుంటలో టీచరుగా చేసి రిటైరైంది. ఆ ఎడారి ఊళ్ళో, కోటలోపలున్న పాత జైన మందిరాలు చూడాలని ఆమె పట్టు. గుమ్మం దగ్గర తోలు బెల్టు విప్పించినప్పుడే నాకు ఒళ్ళు మండింది. పసుపు రాతి మీద చెక్కుడు పని గొప్పదే, కాదనను. కానీ ఒకే పోలికలో వరసగా కూర్చున్న తీర్థంకరుల ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ జనాన్ని చూస్తే నవ్వొచ్చింది. గైడు మహిమల కథలు మొదలెడితే పైకే నవ్వాను. అక్క నా చెయ్యి గిల్లింది.

గంట తిరిగాక అక్క స్తంభానికి ఆనుకుని, "నీరసంగా ఉండాదిరా" అంది. పొద్దున టిఫిన్ సరిగా తినలేదు, అంతే అనుకున్నాను. "పద, బయట టీ తాగుదాం" అన్నాను.

అప్పుడే ఒక జైన సన్యాసిని మాకెదురొచ్చి ఆగింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. నోటికి తెల్లగుడ్డ అడ్డం పెట్టుకుని నావైపే చూసింది.

"అక్కను నడిపించబాక అన్నా. ఈడనే కూర్చోబెట్టు."

అచ్చం మా యాస. నెల్లూరులో కొట్టు పెట్టుకున్న ఏ మార్వాడీ కూతురో ఇక్కడికొచ్చి సన్యాసం పుచ్చుకుందనుకున్నాను. ఈవిడ సలహా నాకెందుకని అక్క చెయ్యి పట్టుకుని గబగబా నడిపించాను. మెట్ల దగ్గర అక్క కుప్పకూలింది.

గుండెపోటు. ఒంట్లో బాగాలేదన్నాక కూడా నడిచిందా అని డాక్టరు అడిగాడు. తల వంచుకున్నాను. అదృష్టం, అక్క బతికింది.

నాలుగో రోజు ఆ సన్యాసిని కోసం మళ్ళీ వెళ్ళాను. మందిరంలో పెద్దాయన ఒకరు ఆమెను చూపించారు. ఆమే. తెలుగులో పలకరిస్తే అర్థంకానట్టు చూసింది. ఆమె ఈ ఊళ్ళోనే పుట్టిందని, దక్షిణాది ముఖమే చూడలేదని పెద్దాయన హిందీలో చెప్పారు. పైగా వానాకాలం నుంచి మౌనవ్రతంలో ఉందట. ఎవరితోనూ ఒక్క మాట లేదట.

ఆస్పత్రికి తిరిగొచ్చి, ఆ సన్యాసిని అన్నది విన్నావా అని అక్కను అడిగాను.

"మన ముందు ఆగి, నిన్ను చూసి పోయింది గదరా. మాట్లాడిందా? ఏమనింది?"

మందుల చీటీ తీసుకుని బయటికి వచ్చేశాను.

దెయ్యమైతే లేదని కొట్టిపారేసేవాడిని. ఆమె రక్తమాంసాలున్న మనిషి. నా మనసే అలా పలికిందంటాడు నా స్నేహితుడొకడు. అక్క గుండె సంగతి నా మనసుకు తెలిసుంటే అంత మొరటుగా ఎందుకు లాక్కెళ్తాను?

ఆ మాట అన్నదెవరో నాకిప్పటికీ తెలియదు. విన్నాను. విని కూడా నడిపించాను. అది మాత్రం అక్కకు ఇంకా చెప్పలేదు.