అభిప్రాయ సేకరణకు పెళ్లి కెమెరా

బెజవాడ గవర్నర్‌పేటలో నాది పెళ్లిళ్ల వీడియో దుకాణం. ముహూర్తాలు లేక ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఓ గ్యాస్ కంపెనీ మనిషి వచ్చాడు. కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడ అడవిలో బావి తవ్వుతారట. ముందు ఊరివాళ్ల మాట వినాలట, విన్నట్టు వీడియో ఉండాలట, రూలు అలా ఉందట. ఊరి పేరు చెప్పగానే ఒప్పేసుకున్నాను. అది మా పిన్ని ఊరు. ఆ అడవి పాయలోకి పడవ వేసుకుని వెళ్లి, మండపీతలు పట్టి అమ్ముకునే మనిషి ఆవిడ.

అది అభయారణ్యం. ఎండుపుల్ల విరిచినా గార్డు జరిమానా వేస్తాడు, మా పిన్ని ఓసారి కట్టింది కూడా. బావి మాత్రం షరతులకు లోబడి తవ్వుతారు కాబట్టి అడవికి ఏ ఇబ్బందీ ఉండదు.

షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద బొకేలు, వెనకనుంచి బిర్యానీ వాసన. పెళ్లిళ్ల అలవాటు పోక ముందు పెద్దల్ని, తరవాత వంటల్ని తీశాను. ఎవరూ వద్దనలేదు. వేదిక మీద ఒకాయనైతే, సరిగ్గా పడలేదేమోనని బొకే మళ్లీ అందుకున్నాడు. పెళ్లికీ దీనికీ తేడా ఒక్కటే. ఇక్కడ ముహూర్తం పెట్టేసుకుని, తరవాత పిల్లనిస్తారా అని అడుగుతున్నారు.

పిన్ని మైకు దగ్గరకొచ్చింది.

"పుల్ల విరిస్తే పిట్టలు బెదురుతాయని నాకు ఫైనేశారండి. మరి మీ మిషనుకి బెదరవాండి?"

అధికారి నవ్వాడు. "దానికి సైలెన్సర్ ఉంటుందమ్మా. కండిషన్స్ పెడుతున్నాంగా."

"అయితే మాక్కూడా ఓటి ఇప్పించండి. పుల్లలేరుకుంటాం."

జనం నవ్వారు, వేదిక కూడా నవ్వింది. పిన్ని నవ్వలేదు. "బావి తవ్వుకోండి. నేను వద్దంటే మానేస్తారా? నా పాయ మాత్రం ముయ్యకండి బాబూ. అది మూస్తే నాకు వేరే బతుకు లేదండి."

"నోట్ చేసుకున్నాం," అన్నాడాయన. ఆ వెంటనే భోజనాలకు పిలిచారు.

కొన్నాళ్లకు అనుమతి వచ్చింది. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో పని ఆపాలి, దీపాల వెలుతురు చెట్లమీద పడకూడదు, భద్రత కోసం బయటివాళ్లెవరూ ఆ చుట్టుపక్కలకు రాకూడదు. పేపర్లో చదివి, పర్లేదే, మన దేశంలోనూ పద్ధతులున్నాయి అనుకున్నాను. బయటివాళ్లంటే మా పిన్ని అని తరవాత తెలిసింది. పాయకు అడ్డంగా గొలుసు కట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. మిగతా షరతుల సంగతి పక్షులు చెప్పాలి గాని, ఈ ఒక్కటి మాత్రం తు.చ. తప్పకుండా అమలవుతోంది.

పిన్ని ఇప్పుడు రొయ్యల ప్లాంటులో పొట్టు వొలిచే పనికి వెళ్తోంది. మొన్న బెజవాడ వచ్చినప్పుడు నేరుగా మా దుకాణానికే వచ్చి, "నే మాట్లాడింది ఓసారి చూపించరా," అంది. కంప్యూటర్లో పెట్టాను. కుర్చీ ముందుకు జరుపుకుని, రెప్ప వెయ్యకుండా చివరిదాకా చూసింది.

"సౌండు బానే వచ్చిందే," అంది.

"బానే వచ్చింది పిన్నీ."

పిన్ని కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"నీ కెమెరాలో నా మాట పడలేదేమో, అందుకే ఆళ్లకి తెలీలేదేమో అనుకున్నాన్రా ఇన్నాళ్లూ."