ఆరు అమావాస్యల లెక్క

మా అన్నదమ్ములిద్దరిలో చదువుకున్నవాణ్ణి నేనే. చదువంటే పెద్దదేమీ కాదు, ఇంటర్ రెండో ఏడు రెండుసార్లు రాసి గట్టెక్కాను. కానీ ఆళ్లగడ్డలో మా శిల్పుల కొట్టాల వరసలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేక, అర్థం కానివి కూడా అర్థమైనట్టే చదివి చెప్పేవాణ్ణి. ఆ గొప్పే చివరికి కొంప ముంచింది. నా ఒక్కడి కొంపే అయితే ఇన్నేళ్ల తర్వాత కూర్చుని ఇది రాసేవాణ్ణి కాను.

తొంభైల చివర్లో మలేషియా నుంచి ఒక గుడి కమిటీవాళ్లు మా ఇద్దరినీ పనికి పిలిచారు. అక్కడే ఉండి ద్వారపాలకుల్నీ, మండపం స్తంభాల్నీ చెక్కాలి. మేం వాళ్ల దగ్గర ఉద్యోగులం కాము. పనికి ఇంత అని మాట్లాడుకుని, ఎవరి ఒప్పందం వాళ్లం చేసుకున్నాం. ఒక్కొక్కటి తొమ్మిది పేజీలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చదివితే, ఏడో పేజీలో పన్నుల బాధ్యత ఎవరిది వాళ్లదేనని ఉంది. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. మనకు తెలియని దేశం, తెలియని చట్టం, మధ్యలో నేను.

అన్నకు చెబితే, "పన్నంటే ఏందిరా? ఇంటి పన్ను కడ్తానే ఉండాం గదా" అన్నాడు.

నంద్యాలలో ఒక బట్టల అంగడి మేడ మీద ఆడిటర్ ఉన్నాడని తెలిసి ఇద్దరం పోయాం. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది జీతం కాదప్పా, కాంట్రాక్టు. ఆడ కొంత పట్టుకోనే మిగతాది ఇస్తారు. ఈడ మళ్లా కట్టాల్నా లేదా అనేది, మీరు ఈ దేశంలో ఎన్ని దినాలు ఉంటారనే దాన్ని బట్టి ఉంటాది. ఏప్రిల్ నుంచి మార్చి లోపల ఆర్నెల్లు దాటి బయటుండండి. ఈడోళ్లు ఆ సంపాదన జోలికి రారు" అన్నాడు.

"ఆర్నెల్లేనా సార్?" అని నేను మూడుసార్లు అడిగాను. "ఆర్నెల్లు దాటాల" అని ఆయనా ఓపిగ్గా మూడుసార్లు చెప్పాడు. మెట్లు దిగుతూ ఆ మాటను జేబు పుస్తకంలో రాసుకున్నాను. అప్పుడు గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మా పనిలో నెల అంటే అమావాస్య నుంచి అమావాస్యకి. అమావాస్య నాడు ఉలి ముట్టం. పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి ఊరుకుంటాం. కూలీలు తేల్చేది ఆ రోజే. ఎవరైనా విగ్రహానికి బయానా ఇచ్చి ఎప్పుడు ఇస్తారని అడిగితే, "మూడు అమావాస్యలు పోనీప్పా" అంటాం. గోడకు క్యాలెండర్ ఉంటుంది, కానీ మా కళ్లు అందులో పెద్ద అంకెల మీద కాక కింద చిన్న అక్షరాల్లో ఉండే తిథుల మీదే పడతాయి. అందువల్ల ఆర్నెల్లు అనగానే నా బుర్రలో ఆరు అమావాస్యలు మెదిలాయి. ఇంకో రకం నెల ఉంటుందన్న ఆలోచనే రాలేదు. ఇంగ్లీషు చదివిన బుర్ర అది!

బయల్దేరే ముందు, వచ్చిన అడ్వాన్సుతో ఊరి మొదట్లో, నంద్యాల రోడ్డు పక్కన ఆరు సెంట్ల స్థలానికి మాట ఖాయం చేసుకున్నాం. మా అన్న పన్నెండో ఏట ఉలి పట్టాడు. అప్పటి నుంచి బాడుగ కొట్టాల్లోనే పని. బాడుగ పెంచినప్పుడల్లా, సగం చెక్కిన దేవుళ్లను బండికెత్తించి ఇంకో కొట్టం వెతుక్కోవడమే. ఆ స్థలం మీద ఆయన పెట్టుకున్న ఆశ ఇంతా అంతా కాదు.

చైత్ర శుద్ధ పంచమి నాడు విమానమెక్కాం. అక్కడ పని బాగానే సాగింది గానీ, నేను మాత్రం రాయి చెక్కుతూ రోజులు చెక్కుకున్నాను. ఒక్కో అమావాస్య దాటితే జేబు పుస్తకంలో ఒక గుండు సున్నా చుట్టేవాణ్ణి. ఆరో సున్నా చుట్టిన మరునాడే గుడి పెద్ద వచ్చి, ఇంకో పది రోజులుంటే ద్వారపాలకుల నునుపు పని కూడా అయిపోతుంది కదా అని అడిగాడు. అన్న ఉందామన్నట్టు నా ముఖం చూశాడు. నేను కుదరదన్నాను. విజయదశమికి మా స్థలంలో భూమిపూజ పెట్టించాను మరి. పైగా ఆరు నెలలయ్యాక, దాటాలన్నాడు కదా అని, ఇంకా మూడు రోజులు కలిపి టికెట్లు తీసుకున్నాను. ఆ మూడు రోజులు కలిపినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆశ్వయుజ శుద్ధ అష్టమికి తిరిగొచ్చి, దశమికి కొబ్బరికాయ కొట్టాం. స్థలం ఇద్దరి పేరా రిజిస్టరయింది.

మరుసటి ఎండాకాలం పన్ను కాగితాలు వేయాలని పాస్‌పోర్టులు తీసుకుని నేనొక్కణ్ణే నంద్యాల పోయాను. ఆడిటర్ సీళ్లు చూశాడు. గోడ మీది పోయిన ఏడాది క్యాలెండర్ దించి బల్ల మీద పరిచి, పెన్ను కొసతో ఒక్కో గడీ తడుతూ లెక్కపెట్టాడు. ఒకసారి అయింది. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.

"ఎంత పని చేస్తివప్పా! నూట ఎనభై రెండు దినాలు ఈడ ఉంటే చాలు, చట్టం లెక్కకి నువ్వు ఈడోనివే. నూట ఎనభై ఒకటి దాటగూడదు, మీరు ఈడ నూట ఎనభై ఆరు దినాలు ఉండారు. ఐదు దినాలు ముందు వచ్చినారు."

"ఆరు నెలల మీద మూడు దినాలు ఉంటిమే సార్!" అని జేబు పుస్తకం తీసి సున్నాలు చూపించాను. ఆయన వాటిని చాలాసేపు చూశాడు. అమావాస్యల సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. అమావాస్యల నెలలు ఆరు కలిపితే నూట డెబ్బై ఏడు రోజులేనని కాగితం మీద వేసి చూపించాడు.

"ఈ ఐదు దినాలు యాడన్నా సర్దలేమా సార్?"

"సీళ్లు గుద్దింటే నేనేం సర్దేదప్పా? ఆడ పట్టుకున్న పన్నుకి కాగితం తెప్పించు. అంతమటుకు తగ్గుతాది. మిగిలింది కట్టాల్సిందే. మీ అన్నది కూడా."

మీ అన్నది కూడా. తిరుగు బస్సు శిరివెళ్ల దాటిందాకా నాకు ఆ మాట తప్ప ఇంకేదీ వినపడలేదు. బస్సు మా స్థలం ముందు నుంచే పోయింది. అక్కడ అన్న లుంగీ ఎగ్గట్టుకుని పునాది రాళ్లు పేరుస్తున్నాడు. కూలీకి డబ్బు దండగని ఒక్కడే పేరుస్తున్నాడు. నేను సీట్లో కిందికి జారి కూర్చున్నాను.

ఆయనకు చెప్పలేదు. కాగితం రానీ, అప్పుడు చెబుదామనుకున్నాను. మలేషియాకు ఉత్తరం రాసి, రోజూ పోస్టాఫీసు మెట్లెక్కి దిగాను. సాయంత్రాలు అన్న నన్ను పునాది దగ్గరికి పిలిచి, "ఈడ పెద్ద రాళ్లు దింపుకుందాం, ఆడ నువ్వు కూచోని కాగితాలు రాసుకో" అని చూపించేవాడు. నేను తలూపేవాణ్ణి. ఒక్కోసారి ఆయన మీదే కోపం వచ్చేది, ఇంత నమ్మకం ఎందుకు పెట్టుకున్నావయ్యా అని. నెలన్నర అట్లా గడిచింది. అది ఏ రకం నెల అని అడగొద్దు.

కాగితాలు వచ్చాయి. తీసుకుపోతే ఆడిటర్ లెక్క వేశాడు. తగ్గినంత తగ్గినా, మిగిలింది మా ఇద్దరికీ కలిపి ఆ స్థలం అమ్మితే తప్ప తీరేది కాదు. ఇంక దాచడానికి ఏమీ లేకపోయింది. పునాది మీద కూర్చుని మొత్తం చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. నలభై ఏళ్లవాణ్ణి, రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తుండగా ఏడ్చాను.

అన్న పక్కనున్న రాయి మీది మట్టి అరచేత్తో తుడిచాడు. "మీ ఆడిటరుకు పున్నమి, అమాస తెలీవా?" అన్నాడు.

"తెలుసన్నా. సర్కారుకు తెలీదు."

"ఇంగా పది దినాలు ఉండమని వాళ్లే అంటిరి గదరా" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

స్థలాన్ని సిమెంటు వ్యాపారి కొన్నాడు. పన్ను కట్టేశాం. బాడుగ కొట్టానికే తిరిగి పోయాం.

రెండేళ్లకు అదే గుడివాళ్లు గోపురం పనికి మళ్లీ పిలిచారు. ఈసారి అన్న నా జేబు పుస్తకం అడగలేదు. రోజూ పొద్దున పనిలోకి దిగే ముందు ఒక పగిలిన పలక మీద ఉలితో గీత గీసేవాడు. అమావాస్య నాడు ఉలి ముట్టడు కాబట్టి, ఆ గీత మరునాడు కలిపి గీసేవాడు. బయట ఉండాల్సిన నూట ఎనభై నాలుగు దినాలూ అయినాయని నేను చెబితే, "ఇంగా పది కానీ" అన్నాడు.

తిరిగొచ్చాక నంద్యాలకు ఇద్దరం పోయాం. ఆడిటర్ సీళ్లు లెక్కపెట్టినంతసేపూ నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. "ఈసారి ఏం లేదప్పా, పోండి" అన్నాడు. అన్న ఆయనకు దండం పెట్టి మెట్లు దిగాడు.

ఆళ్లగడ్డ మొదట్లో బస్సు నెమ్మదించింది. మా స్థలంలో సిమెంటు గోడౌను లేచింది, రెండంతస్తులు. అన్న కిటికీలోంచి వంగి కింది వరస రాళ్లు చూశాడు.

"ఆ పునాది మనదే గదరా?"

"మనదే అన్నా."

"గట్టిగానే కట్టినాం" అన్నాడు.